శాంపిల్

ఇరవయ్యెనిమిదేళ్లు స్టీల్ ప్లాంటులో
ఇనుము గట్టిదనం కొలిచినవాణ్ని.
చువ్వ ముక్క మీద వజ్రపు మొన దించి
పడిన గుంట లోతు చూసి
పనికొస్తుందనో రాదనో
సంతకం పెట్టినవాణ్ని.
రిటైరైన రెండో నెలలో
అరకేజీ బెండకాయల ముందు
చేతులు కట్టుకు నిలబడ్డాను.

నూకరత్నం కుడి మణికట్టుకి పట్టీ.
ఆరు వారాలు కత్తిపీట జోలికి పోకూడదన్నాడు డాక్టరు.
నాకా, మోకాళ్లు ఒంగవు.
గోడకానుకుని కత్తిపీట
ముక్కు పైకెత్తి నన్నే చూస్తోంది.

మొదటి చాకు గాజువాకలో కొన్నాను.
ఎర్ర పిడి, అట్ట మీద నవ్వుతున్న వంటవాడు,
ముప్ఫై అయిదు రూపాయలు.
టమాటాని కొయ్యలేదది, బతిమాలింది.
కంద దగ్గరికొచ్చేసరికి
సత్తు గరిటెలా వంగి
నా సర్వీసు మొత్తాన్నీ వెక్కిరించింది.
"చూసి కొనాలి" అంది నూకరత్నం.
"ఏటి చూడాలి?"
"అది నన్నడుగుతావేటి?
చూడ్డానికే కదా నీకు జీతమిచ్చేరు."

మాల్‌లో ఇంకో రకం ఉంది.
కొయ్య దిమ్మలో గుచ్చిన ఆరు కత్తులు,
రెండు వేల నాలుగొందలు.
ఫోన్లో ఫొటో పంపితే
"ఎవలి మీదకి యుద్ధం?" అంది.

కూర్మన్నపాలెంలో బస్సెక్కి పూర్ణా మార్కెట్‌కి పోయాను.
పసుపు ఘాటు దాటి, ఎండుచేపల సందు దాటి
అసిరినాయుడి కొట్టు.
గోనె మీద కవ్వళ్లు పరిచినట్టు కత్తులు.
ఎంతలో కావాలని అడగలేదతను.
"ఏటి కోస్తారు?" అన్నాడు.
వంకాయ, బెండ, ఉల్లి, ఆదివారమైతే వంజరం.
"వంజరం బజార్లోనే కొట్టించీండి బాబూ,
ఆల చెయ్యి మీకు రాదు.
మిగతావాటికి ఒక్కటి చాలు."

పిడి చివర చూపించాడు.
ఇనుము అక్కడిదాకా వచ్చిందా, సగంలో ఆగిపోయిందా.
ఆగిపోయినవి పక్కకి తోసేశాడు.
మేకులు రెండున్నవి కావు, మూడున్నవి.
ఒక కన్ను మూసి
అంచు వెంబడి చూడమన్నాడు,
పట్టాల మీద దూరపు రైలుని చూసినట్టు.

చివరికి రెండు మిగిలాయి.
తెల్లగా మెరిసేది నూట ఇరవై. తుప్పు పట్టదు,
నెలకోసారి సాన అడుగుతుంది.
లారీ కమానుపట్టీ సాగగొట్టిన నల్లది నూట అరవై.
పదును నిలుస్తుంది,
తడి తుడవకపోతే మాత్రం తెల్లారేసరికి ఎర్రబడుతుంది.
"మన ఊరి గాలి తెలుసు కదా,
కిటికీ చువ్వల్నే తినేస్తాది."
గట్టిదనం మరీ ఎక్కువైతే పెళుసు.
ఆ ముక్క నేనూ పరీక్ష రాసి పాసయ్యాను.
పదికి బేరమాడి
నల్లది తీసుకున్నాను.

ఇంటికొచ్చాక నూకరత్నం
ఎడం చేత్తో టమాటా మీద పెట్టింది దాన్ని.
నొక్కలేదు.
దాని బరువుకే అది దిగిపోయింది,
తొక్క నలగలేదు, గింజ చెదరలేదు.
తను ఏమీ అనలేదు కాసేపు.
తర్వాత, మెల్లిగా:
"ఇంత తేలిగ్గా తెగుతాదా?"

రాత్రి తను పడుకున్నాక
వంటింట్లో లైటేసి
కత్తిపీట అంచు మీద బొటనవేలు అడ్డంగా రాశాను.
అంచు ఏదో వీపు ఏదో తెలియలేదు.
ఎన్నేళ్లైందో సాన పట్టించి.
పెద్దాడి బారసాలకి ముందా, తర్వాతా?
ఆ మొండి అంచు మీద
తన చెయ్యంతా నొక్కి తరిగిన కూరలకి
ఉప్పెక్కువనో, ముక్క పెద్దదనో
రోజూ సంతకం పెట్టాను.
చేతి మీద పడుతున్న గుంట
ఒక్కనాడూ కొలవలేదు.

ఇప్పుడు నల్లకత్తిని సింకులో వదలను.
కడిగి, పాత లుంగీ ముక్కతో తుడిచి
చుక్క నూనె రాసి మేకుకి తగిలిస్తాను.
బెండకాయలు ఇంకా సమానంగా రావడం లేదు.
"ఏటవి, ఒకటి బియ్యంగింజ ఒకటి బొగ్గుముక్క"
అంటూ తింటోంది.

గురువారం
కత్తిపీటని పాత పేపర్లో చుట్టి
మళ్లీ బస్సెక్కాను అసిరినాయుడి దగ్గరికి.
"అదేటి మాస్టారూ?" అన్నాడు కండక్టరు
ముక్కు పొడుచుకొచ్చిన పొట్లాన్ని చూసి.
"శాంపిల్" అన్నాను.